ద్రావణంలోని అయాన్లు, లవణాల కరుగుదల: లెక్క కట్టే క్రమం, ల్యాబ్‌లో చూపే క్రమం

లవణం ఇచ్చే అయాన్లలో (ఆవేశం ఉన్న కణాల్లో) ఒకటి నీటిలో ముందే ఉంటే ఆ లవణం తక్కువ కరుగుతుంది. ఈ ఉమ్మడి అయాన్ ప్రభావం గురించి నాకు మూడు వైపుల నుంచి ప్రశ్నలు వస్తుంటాయి. హనుమకొండలో ఇంటర్ చదివే పిల్లలకు లెక్కలో వర్గ సమీకరణం ఎప్పుడు వాడాలో తెలియదు. డిగ్రీ ల్యాబ్‌లో ప్రయోగం చేసినవారికి బ్యూరెట్ రీడింగు పుస్తకంలోని విలువతో ఎందుకు కలవదో అర్థం కాదు. జనగామ, వరంగల్ వైపు ఊళ్ల నుంచి బోరు నీటి రిపోర్టు పట్టుకుని, కాల్షియానికీ ఫ్లోరైడ్‌కూ సంబంధం ఏమిటని అడిగేవారు మూడో రకం.

ముగ్గురూ ఆగేది ఒకే చోట. నీటిలో ఏయే అయాన్లున్నాయో, ఒక్కొక్కటి ఏం చేస్తుందో రాసుకోకుండానే సూత్రంలోకి దిగుతారు. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి మెట్టు సూత్రం కాదు, జాబితా.

## 1. ముందుగా అయాన్ల జాబితా రాయండి

తెల్లకాగితం మీద ఎడమవైపు, కరగాల్సిన ఘనపదార్థం ఇచ్చే అయాన్లు రాయండి. కుడివైపు, ద్రావణంలో ముందే ఉన్న అయాన్లన్నీ రాయండి. ఇప్పుడు కుడివైపున్న ప్రతి అయాన్ పక్కన ఈ నాలుగు పాత్రల్లో ఏది దానిదో గుర్తించండి.

ఉమ్మడి అయాన్. ఘనపదార్థం ఇచ్చే అయాన్లలో ఒకటి ముందే ద్రావణంలో ఉంటే సమతాస్థితి (కరగడం, తిరిగి ఘనంగా మారడం సమానంగా సాగే స్థితి) ఘనపదార్థం వైపు జరుగుతుంది. ద్రావణీయత తగ్గుతుంది. సోడియం సల్ఫేట్ ద్రావణంలో బేరియం సల్ఫేట్ ఇందుకు ఉదాహరణ.

సంబంధం లేని అయాన్. పొటాషియం, నైట్రేట్ వంటివి ఘనపదార్థంతో చర్య జరపవు. అయినా ఊరికే ఉండవు. వాటి విద్యుదావేశం వల్ల ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేక ఆవేశపు వలయం ఏర్పడి, అవక్షేపం (ద్రావణం నుంచి ఘనంగా విడిపడేది) కావలసిన అయాన్ల క్రియాశీలత, అంటే చర్యలో నిజంగా పనిచేసే గాఢత, తగ్గుతుంది. ఫలితంగా ద్రావణీయత పెరుగుతుంది. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) పొటాషియం నైట్రేట్‌లో సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయత లీటరుకు సుమారు 1.3 × 10⁻⁵ మోల్ నుంచి సుమారు 1.7 × 10⁻⁵కు పెరుగుతుంది. రెండేసి ఆవేశాలున్న బేరియం సల్ఫేట్‌కైతే అదే ద్రావణంలో పెరుగుదల రెండు రెట్లు దాటుతుంది. ఆవేశం పెరిగేకొద్దీ ఈ ప్రభావం బలపడుతుంది.

సంక్లిష్ట అయాన్‌ను ఇచ్చేది. అమోనియా సిల్వర్ అయాన్‌తో జతకట్టి, నీటిలో కరిగే కొత్త అయాన్‌గా (సంక్లిష్ట అయాన్‌గా) మార్చి సిల్వర్ క్లోరైడ్‌ను కరిగిస్తుంది. ఇక్కడొక చిక్కుంది: కొన్నిసార్లు ఉమ్మడి అయానే ఎక్కువైనప్పుడు సంక్లిష్ట అయాన్‌ను ఇస్తుంది. సిల్వర్ క్లోరైడ్‌కు క్లోరైడ్ కలుపుతూ పోతే ద్రావణీయత మొదట తగ్గుతుంది, కొన్ని మిల్లీమోలార్ల దగ్గర అతి తక్కువకు చేరుతుంది, ఆ తర్వాత పెరగడం మొదలవుతుంది.

ఆమ్లం, క్షారం. కార్బొనేట్, ఫ్లోరైడ్, ఆక్సలేట్ వంటి దుర్బల ఆమ్లాల ఆనయాన్లను (రుణావేశ అయాన్లను) హైడ్రోజన్ అయాన్ పట్టేసుకుంటుంది. అలాంటి లవణం ఆమ్లంలో ఎక్కువ కరుగుతుంది. క్లోరైడ్, అయొడైడ్ లవణాల మీద ఈ ప్రభావం ఉండదు.

లెక్కలోకి దిగే ముందు సరిచూసుకోండి:

- ఘనపదార్థం విడిపోయే సమీకరణం తుల్యం చేశారా?
- ఉమ్మడి అయాన్ గాఢతను లవణం ఫార్ములాతో గుణించారా? 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లో క్లోరైడ్ 0.2 మోలార్.
- ఇచ్చిన గాఢత కలిపినదా, సమతాస్థితిలో కొలిచినదా? దీని మీద నాలుగో భాగంలో వివరంగా చెబుతాను.
- రెండు ద్రావణాలు కలిపితే, కలిపాక మారిన ఘనపరిమాణంతో గాఢతలను మళ్లీ లెక్కించారా?

## 2. దగ్గర ఉంచుకోవలసిన విలువలు

సంతృప్త ద్రావణంలో లవణం అయాన్ల గాఢతలను గుణిస్తే (ఫార్ములాలో రెండున్న అయాన్‌కు వర్గం చేసి) వచ్చేది ద్రావణీయతా లబ్ధం. ఒక్కో పుస్తకంలో అది ఒక్కోలా ఉంటుంది. కంగారుపడకండి. ఒక పట్టిక ఎంచుకుని, మొదటి నుంచి చివరి వరకు దానికే కట్టుబడండి. పరీక్షలో ప్రశ్నపత్రం ఇచ్చిన విలువే వాడాలి. ఈ వ్యాసంలో 25° సెల్సియస్ దగ్గర నేను వాడినవి ఇవి:

- బేరియం సల్ఫేట్: 1.1 × 10⁻¹⁰
- సిల్వర్ క్లోరైడ్: 1.8 × 10⁻¹⁰
- కాల్షియం ఫ్లోరైడ్: 3.9 × 10⁻¹¹
- మెగ్నీషియం హైడ్రాక్సైడ్: 1.8 × 10⁻¹¹
- కాల్షియం హైడ్రాక్సైడ్: 5.5 × 10⁻⁶

రెండు లవణాల లబ్ధాలను పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువ కరుగుతుందో వెంటనే తేల్చేయకండి. అలా పోల్చాలంటే రెండింటి ఫార్ములా ఒకే తరహాలో ఉండాలి. కాల్షియం ఫ్లోరైడ్ లబ్ధం బేరియం సల్ఫేట్ లబ్ధం కంటే చిన్నది. అయినా శుద్ధ జలంలో కాల్షియం ఫ్లోరైడే దాదాపు ఇరవై రెట్లు ఎక్కువ కరుగుతుంది.

## 3. లెక్క వరుస

0.01 మోలార్ సోడియం సల్ఫేట్‌లో బేరియం సల్ఫేట్ ఎంత కరుగుతుందో చూద్దాం. ద్రావణీయతకు 'స' అని గుర్తు పెట్టుకుందాం.

1. శుద్ధ జలంలో ద్రావణీయతను ముందు కట్టండి. స² = 1.1 × 10⁻¹⁰ కనుక స = 1.05 × 10⁻⁵ మోల్/లీటరు. చివర్లో పోల్చడానికి ఇది కావాలి.
2. సమతాస్థితి గాఢతలు రాయండి. బేరియం = స. సల్ఫేట్ = 0.01 + స.
3. లబ్ధంలో పెట్టండి. స × (0.01 + స) = 1.1 × 10⁻¹⁰.
4. 0.01తో పోలిస్తే 'స' బాగా చిన్నదనుకుని వదిలేయండి. స = 1.1 × 10⁻⁸.
5. ఉజ్జాయింపు చెల్లుతుందో లేదో పరీక్షించండి. వచ్చిన 'స' 0.01లో 5 శాతం కంటే తక్కువ. చెల్లుతుంది.
6. మొదటి మెట్టుతో పోల్చండి. ద్రావణీయత దాదాపు వెయ్యో వంతుకు పడిపోయింది. ఉమ్మడి అయాన్ ఉన్నప్పుడు జవాబు శుద్ధ జలంలోని విలువ కంటే పెద్దదిగా వస్తే, ఎక్కడో తప్పు జరిగినట్టే.

మార్కులు ఎక్కువగా పోయేది అయిదో మెట్టు దగ్గర. దాన్ని దాటేయకండి.

ఇదే వరుసతో 0.1 మోలార్ సోడియం క్లోరైడ్‌లో సిల్వర్ క్లోరైడ్ లెక్క చేస్తే 1.8 × 10⁻⁹ వస్తుంది. పరీక్షలో అదే సరైన జవాబు. కానీ అది స్వేచ్ఛగా ఉన్న సిల్వర్ అయాన్ గాఢత మాత్రమే. నిజంగా బీకరులో కరిగిన మొత్తం వెండి 10⁻⁶ స్థాయిలో ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ క్లోరైడ్ వెండితో కలిసి కరిగే సంక్లిష్ట అయాన్‌గా మారుతుంది. తూకంతో విశ్లేషణ చేసేవారు అవక్షేపకాన్ని కొద్దిగా మాత్రమే అధికంగా కలపమని చెప్పడానికి ఇదొక కారణం.

## 4. ఉజ్జాయింపు చెల్లని చోట

0.0005 మోలార్ కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో కాల్షియం ఫ్లోరైడ్ పొడి వేశామనుకోండి.

కాల్షియం = 0.0005 + స. ఫ్లోరైడ్ = 2స. కాబట్టి (0.0005 + స) × 4స² = 3.9 × 10⁻¹¹.

'స'ను వదిలేస్తే స = 1.4 × 10⁻⁴ వస్తుంది. అది 0.0005లో 28 శాతం. ఈ ఉజ్జాయింపు చెల్లదు. ఘన సమీకరణాన్ని చూసి భయపడక్కర్లేదు. ఈ పద్ధతిలో రెండు మూడు సార్లలో జవాబు దొరుకుతుంది:

1. వచ్చిన విలువను కుండలీకరణంలో పెట్టండి: 0.0005 + 0.00014 = 0.00064.
2. దానితో 'స'ను మళ్లీ కట్టండి: 3.9 × 10⁻¹¹ ÷ (4 × 0.00064), దాని వర్గమూలం 1.23 × 10⁻⁴.
3. మళ్లీ పెట్టండి: 0.000623. ఇప్పుడు 1.25 × 10⁻⁴ వస్తుంది.
4. విలువ మారడం ఆగితే అదే జవాబు. స = 1.25 × 10⁻⁴.

సరిచూడండి: 0.000625 × 4 × (1.25 × 10⁻⁴)² = 3.9 × 10⁻¹¹. సరిపోయింది.

ఇప్పుడు మొదట చెప్పిన తేడాకు వద్దాం. పై లెక్కలో 0.0005 అనేది మనం కలిపిన కాల్షియం. అందుకే దానికి 'స' జోడించాం. ఒక నీటి నమూనాను పరీక్షకు పంపితే వచ్చే కాల్షియం మాత్రం రాయితో ఎన్నో ఏళ్లు కలిసి ఉన్న నీటిలో కొలిచిన మొత్తం. దానికి మళ్లీ 'స' జోడించకూడదు. కొలిచిన గాఢతను నేరుగా లబ్ధంలో పెట్టి, ఫ్లోరైడ్‌ను కట్టాలి. ఈ ఒక్క తేడా తెలియక బోరు నీటి లెక్కలు తప్పుతుంటాయి.

## 5. బోరు నీటి రిపోర్టు మీద ఇదే లెక్క

మన ప్రాంతపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. వాటిలో ఒకటైన ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడే. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైట్ తక్కువ కరుగుతుంది. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షార జలంలో కాల్షియం కార్బొనేట్‌గా బయటికి వెళ్లిపోతుంది. అప్పుడు ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు. రిపోర్టును ఈ క్రమంలో చదవండి:

1. కాల్షియం ఏ రూపంలో ఇచ్చారో చూడండి. "కాల్షియం కాఠిన్యం, కాల్షియం కార్బొనేట్‌గా" అని ఉంటే 0.4తో గుణించండి. 200 మి.గ్రా. ఉంటే అసలు కాల్షియం 80 మి.గ్రా./లీ.
2. మొత్తం కాఠిన్యాన్ని వాడకండి. అందులో మెగ్నీషియం కూడా కలిసి ఉంటుంది, ఈ లెక్కలో దానికి చోటు లేదు.
3. 40తో భాగించి, 1000తో భాగిస్తే మోలార్ వస్తుంది. 80 మి.గ్రా. అంటే 0.002 మోలార్.
4. ఫ్లోరైడ్² = 3.9 × 10⁻¹¹ ÷ 0.002. ఫ్లోరైడ్ = 1.4 × 10⁻⁴ మోలార్.
5. 19తోనూ 1000తోనూ గుణించండి: సుమారు 2.7 మి.గ్రా./లీ.

అదే కాల్షియం 20 మి.గ్రా. మాత్రమే ఉంటే పరిమితి సుమారు 5.3 మి.గ్రా.కు పెరుగుతుంది. కాల్షియం నాలుగో వంతుకు తగ్గితే ఫ్లోరైడ్ రెట్టింపవుతుంది, నాలుగింతలు కాదు. ఫార్ములాలో ఫ్లోరైడ్ రెండు ఉండటమే ఇందుకు కారణం.

ఈ అంకెలు పై హద్దులు. ఈ కాల్షియం ఉన్నప్పుడు ఫ్లోరైట్‌తో సమతాస్థితిలో ఫ్లోరైడ్ ఎంతవరకు వెళ్లగలదో మాత్రమే చెబుతాయి. రాతిలో ఖనిజం తక్కువగా ఉంటే నీటిలో ఫ్లోరైడ్ అంతకంటే తక్కువ ఉంటుంది. తాగవచ్చా లేదా అన్నది కొలిచిన ఫ్లోరైడ్ విలువను చూసే తేల్చాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం ఆమోదయోగ్యమైన పరిమితి 1 మి.గ్రా./లీ. వేరే నీరు దొరకనప్పుడు అనుమతించేది 1.5 మి.గ్రా. వరకు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. "అయితే కుండలో కొంచెం సున్నం కలిపితే ఫ్లోరైడ్ దిగిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. లెక్క మీరే చేసి చూడండి. కాల్షియంతో మాత్రమే ఫ్లోరైడ్‌ను 1.5 మి.గ్రా.కు దించాలంటే నీటిలో కాల్షియం సుమారు 250 మి.గ్రా./లీ. మిగిలి ఉండాలి. తాగునీటిలో కాల్షియానికి అనుమతించే గరిష్ఠ పరిమితే 200 మి.గ్రా. పైగా సున్నం కలిపిన నీరు తాగలేనంత క్షారంగా మారుతుంది. నల్గొండ పద్ధతిలో సున్నంతో పాటు పటిక వాడతారు. అక్కడ ఫ్లోరైడ్‌ను పట్టేది అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలు, ఉమ్మడి అయాన్ ప్రభావం కాదు. ఇంట్లో సొంత ప్రయోగాలు వద్దు. మిషన్ భగీరథ నీరు వస్తుంటే తాగడానికీ వంటకూ అదే వాడండి.

## 6. ల్యాబ్‌లో చూపడం: సున్నపు తేటతో

వెండి, సీసం లవణాలు ఖరీదైనవి లేదా విషపూరితమైనవి. కాల్షియం హైడ్రాక్సైడ్ చవక, దొరకడం సులువు. మామూలు ఆమ్లంతో టైట్రేషన్ చేసి (సూచిక రంగు మారేవరకు బ్యూరెట్‌తో ఆమ్లం కొలిచి పోసి) ద్రావణీయతను కొలవవచ్చు. కళాశాల ల్యాబ్‌కు ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు.

### 6.1 సిద్ధం చేసుకోవలసినవి

- కాల్షియం హైడ్రాక్సైడ్, ల్యాబ్ గ్రేడ్. కొత్త సీసా తెరవండి. పాన్ డబ్బాలో వాడే సున్నం, ఏళ్ల తరబడి మూత వదులుగా ఉన్న సీసా పనికిరావు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అందులో కొంత కార్బొనేట్‌గా మారి ఉంటుంది.
- స్వేదన జలం, మరిగించి మూతపెట్టి చల్లార్చినది. బోరు నీరు అసలు వద్దు, అందులోనే కాల్షియం, బైకార్బొనేట్ ఉంటాయి. ఆర్వో నీటిలో కూడా లవణాలు కొంత మిగులుతాయి. స్వేదన జలం దొరకకపోతే ఖనిజాలు తీసేసిన బ్యాటరీ నీరు వాడవచ్చు.
- కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, పొటాషియం నైట్రేట్.
- సుమారు 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. లీటరు నీటికి గాఢ ఆమ్లం 4.3 మి.లీ. దగ్గరగా సరిపోతుంది. నీటిలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు పోయకూడదు.
- ఆమ్లాన్ని ప్రమాణీకరించడానికి (దాని కచ్చితమైన గాఢత తేల్చడానికి) పొడి సోడియం కార్బొనేట్: 0.265 గ్రాములు 100 మి.లీ.లో. 10 మి.లీ.కు మిథైల్ ఆరెంజ్ వేసి టైట్రేట్ చేస్తే ఆమ్లం 10 మి.లీ. దగ్గర పట్టాలి.
- ఫినాఫ్తలీన్, పొడి వడపోత కాగితాలు, పొడి గరాటులు, రబ్బరు బల్బు ఉన్న పిపెట్, కళ్లద్దాలు. సున్నం కంట్లో పడితే గాయం తీవ్రంగా ఉంటుంది.

### 6.2 మూడు సీసాలు

మూడింటిలోనూ 100 మి.లీ. చొప్పున పోయండి:

- సీసా అ: స్వేదన జలం.
- సీసా ఆ: 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్ (డైహైడ్రేట్ 1.47 గ్రాములు).
- సీసా ఇ: 0.3 మోలార్ పొటాషియం నైట్రేట్ (3.03 గ్రాములు).

మూడో సీసాలో 0.1 కాకుండా 0.3 ఎందుకో చెప్పాలి. అయానిక బలం అంటే ప్రతి అయాన్ గాఢతను దాని ఆవేశపు వర్గంతో గుణించి, కూడిన మొత్తంలో సగం. 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్ అయానిక బలం 0.3: కాల్షియం ఆవేశపు వర్గం 4 కనుక సగం × (0.1 × 4 + 0.2 × 1). పొటాషియం నైట్రేట్‌ను 0.3 తీసుకుంటే 'ఆ', 'ఇ' సీసాల అయానిక బలం దాదాపు సమానం అవుతుంది. అప్పుడు ఆ రెండింటి మధ్య తేడాకు ప్రధాన కారణం ఉమ్మడి అయానే అని చెప్పవచ్చు. 'అ'తో మాత్రమే పోలిస్తే రెండు ప్రభావాలు కలిసిపోతాయి.

ఉమ్మడి అయాన్‌గా సోడియం హైడ్రాక్సైడ్ ఎందుకు వాడలేదు? ఎందుకంటే టైట్రేషన్ కొలిచేది హైడ్రాక్సైడ్‌నే. ముందే హైడ్రాక్సైడ్ ఉన్న ద్రావణంలో పెద్ద అంకె నుంచి పెద్ద అంకె తీసేస్తే మిగిలేది చిన్న అంకె, అందులో దోషం పెద్దది. కాల్షియం క్లోరైడ్ వాడితే ద్రావణంలోని హైడ్రాక్సైడ్ అంతా సున్నం నుంచి వచ్చినదే అవుతుంది.

### 6.3 చేసే వరుస

1. ఒక్కో సీసాలో 2 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ వేసి బిరడా బిగించండి.
2. పది నిమిషాలు బాగా కుదపండి. తర్వాత మధ్యమధ్యలో కుదుపుతూ రాత్రంతా వదిలేయండి. అడుగున పొడి మిగిలి ఉండాలి. మిగలకపోతే ద్రావణం సంతృప్తం కాలేదు.
3. గది ఉష్ణోగ్రత రాసుకోండి. మూడు సీసాలూ ఒకే బల్ల మీద ఉండాలి.
4. పైనున్న తేటను పొడి కాగితం ద్వారా పొడి ఫ్లాస్క్‌లోకి త్వరగా వడపోయండి. మొదటి కొన్ని మి.లీ. పారబోయండి. కాగితాన్ని నీటితో కడగకండి.
5. వడపోసిన వెంటనే ఫ్లాస్క్‌కు మూతపెట్టండి.
6. 10 మి.లీ. పిపెట్‌తో తీసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, గులాబీ రంగు పోయేవరకు ఆమ్లంతో టైట్రేట్ చేయండి.
7. 0.1 మి.లీ. తేడాలోపు రెండు రీడింగులు కలిసేవరకు మళ్లీ చేయండి.

ఉష్ణోగ్రత ఎందుకంత ముఖ్యం? చాలా లవణాలకు భిన్నంగా, కాల్షియం హైడ్రాక్సైడ్ వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. 0° దగ్గర లీటరుకు సుమారు 1.9 గ్రాములు, 100° దగ్గర సుమారు 0.7 గ్రాములు. వరంగల్‌లో జనవరి ఉదయం చేసిన రీడింగును మే నెల మధ్యాహ్నపు రీడింగుతో పోల్చి "ప్రయోగం తప్పింది" అనడం అన్యాయం. కిటికీ పక్కన ఎండలో ఒక సీసా, లోపల నీడలో ఇంకొకటి పెట్టినా ఇదే తంటా.

### 6.4 లెక్క, అది చెప్పేది

హైడ్రాక్సైడ్ గాఢత = ఆమ్లం గాఢత × ఆమ్లం మి.లీ. ÷ 10. ద్రావణీయత దానిలో సగం. 'ఆ' సీసాకు కూడా ఇంతే.

'అ'లో 9.0 మి.లీ. వచ్చిందనుకుందాం. హైడ్రాక్సైడ్ 0.045, స = 0.0225 మోలార్, అంటే లీటరుకు 1.67 గ్రాములు. పుస్తకపు లబ్ధం 5.5 × 10⁻⁶తో కడితే స = 0.011 వస్తుంది. సరిగ్గా సగం! మీ చేయి తప్పలేదు. సంతృప్త సున్నపు తేటలో అయాన్లు తక్కువేమీ కాదు, వాటి క్రియాశీలత గాఢత కంటే బాగా తక్కువ. పైగా కొంత కాల్షియం, హైడ్రాక్సైడ్ జతకట్టి ఒకే ఆవేశమున్న అయాన్‌గా తిరుగుతుంటాయి. ఆమ్లం వాటినీ లెక్కించేస్తుంది.

'ఆ'లో 'అ' కంటే స్పష్టంగా తక్కువ ఆమ్లం పట్టాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 'అ' నుంచి వచ్చిన లబ్ధాన్ని (0.0225 × 0.045² = 4.6 × 10⁻⁵) వాడి 'ఆ'కు లెక్క కడతారు. స = 0.010, ఆమ్లం 4.1 మి.లీ. రావాలని తేలుతుంది. బ్యూరెట్ మాత్రం అంతకంటే బాగా ఎక్కువ, ఆరున్నర దగ్గర చూపించవచ్చు. అప్పుడు రీడింగును దిద్దాలనిపిస్తుంది. దయచేసి దిద్దకండి. ఉమ్మడి అయాన్ ద్రావణీయతను తగ్గిస్తుంటే, అదే కాల్షియం క్లోరైడ్ పెంచిన అయానిక బలం, అయాన్ల జతకట్టడం దాన్ని తిరిగి కొంత పైకి లాగుతున్నాయి. మీ బ్యూరెట్ ఆ రెండింటి మిగులునే చూపిస్తోంది.

'ఇ'లో 'అ' కంటే ఎక్కువ ఆమ్లం పడుతుంది. ఉమ్మడి అయాన్ లేకపోయినా ద్రావణీయత మారిందని ఈ సీసాయే నిరూపిస్తుంది. అందుకే ల్యాబ్‌లో సమయం చాలకపోయినా 'ఇ'ని మాత్రం వదలకండి.

## 7. లవణ విశ్లేషణలో ఇదే సూత్రం

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో తెలియని లవణంలోని లోహ అయాన్లను గ్రూపుల వారీగా అవక్షేపించి గుర్తిస్తారు. ఫెర్రిక్, అల్యూమినియం అయాన్లుండే మూడో గ్రూపుకు అమోనియం క్లోరైడ్ ముందు, అమోనియం హైడ్రాక్సైడ్ తర్వాత ఎందుకో అంకెలతో చూడండి. మెగ్నీషియం 0.05 మోలార్, అమోనియా 0.1 మోలార్ అనుకుందాం.

- అమోనియా ఒక్కటే ఉంటే హైడ్రాక్సైడ్ 1.3 × 10⁻³. అయానిక లబ్ధం (ఆ క్షణంలో ఉన్న గాఢతలతో అదే తరహాలో కట్టిన లబ్ధం) సుమారు 9 × 10⁻⁸. అది 1.8 × 10⁻¹¹ను దాటింది. మెగ్నీషియం అవక్షేపంగా దిగిపోతుంది.
- అమోనియం క్లోరైడ్ 0.5 మోలార్ ఉంటే హైడ్రాక్సైడ్ 3.6 × 10⁻⁶కు పడిపోతుంది. అయానిక లబ్ధం 6.5 × 10⁻¹³. మెగ్నీషియం ద్రావణంలోనే ఉంటుంది. ఫెర్రిక్, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ల లబ్ధాలు అత్యల్పం కనుక, ఆ కొద్ది హైడ్రాక్సైడ్‌కే అవి దిగుతాయి.

వరుస తారుమారు చేస్తే, లేదా అమోనియం క్లోరైడ్‌ను చిటికెడు వేసి సరిపెడితే, తర్వాతి గ్రూపుల అయాన్లు మూడో గ్రూపులోనే కనిపిస్తాయి. ఒక టెస్ట్ ట్యూబ్‌కు అర చెంచా ఘన అమోనియం క్లోరైడ్ వేసి, పూర్తిగా కరిగాకే, అమోనియా వాసన నిలిచేవరకు అమోనియం హైడ్రాక్సైడ్ పోయండి. రెండో గ్రూపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పని కూడా ఇలాంటిదే: హైడ్రోజన్ సల్ఫైడ్ విడిపోవడాన్ని ఆమ్లం అణచి, సల్ఫైడ్ అయాన్‌ను తక్కువగా ఉంచుతుంది.

## 8. తరచూ ఎదురయ్యే తప్పులు, వాటి దిద్దుబాటు

ఫ్లోరైడ్‌ను 2స అని రాసి, వర్గం చేయడం మరిచిపోవడం. (2స)² అంటే 4స². ముందు కుండలీకరణం వేసి, తర్వాత వర్గం చేయండి.

ఉమ్మడి అయాన్‌ను కూడా రెట్టింపు చేయడం. 0.1 మోలార్ సోడియం ఫ్లోరైడ్‌లో కాల్షియం ఫ్లోరైడ్ లెక్కలో ఫ్లోరైడ్ = 0.1 + 2స. ఇందులో 0.1ని రెండుతో గుణించకూడదు.

వడపోసిన తేట మసకగా ఉండటం. కాగితం చిరిగింది, లేదా గాలి తగిలి కార్బొనేట్ ఏర్పడింది. మళ్లీ వడపోయండి. అయినా మసక పోకపోతే ఆ నమూనా పారబోసి సీసాలోంచి కొత్తగా తీయండి.

'ఆ' సీసా రీడింగు 'అ'కు మరీ దగ్గరగా రావడం. కాల్షియం క్లోరైడ్ సీసాను పరీక్షించండి. అది గాలిలోని తేమను పీల్చి నీరుకారే పదార్థం. తడిసిన ముద్దను తూచితే సగం నీళ్లే తూచినట్టు. డైహైడ్రేట్‌కు బదులు నిర్జల లవణం తీసుకుని ఉంటే, 100 మి.లీ.కు 1.11 గ్రాములే కావాలి.

టైట్రేషన్‌లో రంగు పోయి, కాసేపటికి మళ్లీ గులాబీ తిరగడం. తేటలో సున్నపు రేణువులు తేలుతున్నాయి, ఆమ్లం తగిలేకొద్దీ అవి కరుగుతున్నాయి. మరింత సన్నని వడపోత కాగితం వాడండి.

'ఇ' సీసాలో 'అ' కంటే తక్కువ రావడం. సాధారణంగా ఉష్ణోగ్రత తేడా, లేదా కుదపడం చాలకపోవడం. ఇంకో రోజు వదిలి మళ్లీ తీయండి. పెరిగితే సంతృప్తం కాకపోవడమే కారణం.

రికార్డులో ద్రావణీయతతో పాటు ఉష్ణోగ్రత, ప్రతి సీసా అయానిక బలం, ఆమ్లం ప్రమాణీకరణ రీడింగు తప్పకుండా రాయండి. మిగిలిన సున్నపు తేటలను పలుచని ఆమ్లంతో గులాబీ రంగు పోయేవరకు తటస్థీకరించి, నీటితో కలిపి సింకులో పోయండి. గాజు సామాను మీద తెల్లటి పొర మిగిలితే కొద్ది చుక్కల పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి కడగండి, ఉత్త నీటికి అది వదలదు.